పండుగప్ప కోసం నది చివరి దాకా

మా ఆవిడ లలిత పండుగప్ప పులుసు అడిగింది. ఈ ప్రయాణానికి కారణం అదే.

అడగడంలో వింతేమీ లేదు. కాకినాడలో పుట్టి పెరిగిన మనిషి, పైగా ఆరో నెల. వింతల్లా, అంతకుముందు కొన్ని వారాలుగా ఆమె ఏదీ అడగకపోవడమే. కంచం ముందు కూర్చునేది, నాలుగు మెతుకులు కతికి లేచిపోయేది. వాంతులు తగ్గిపోయాయి గానీ ఆకలి మాత్రం తిరిగి రాలేదు. బరువు పెరగడం లేదని డాక్టరమ్మ వెళ్ళినప్పుడల్లా హెచ్చరిస్తోంది. కిందటేడు సరిగ్గా ఆరో నెలలోనే మా మొదటి బిడ్డ కడుపులోనే పోయింది. ఆ మాట ఇంట్లో ఎవరమూ ఎత్తేవాళ్ళం కాదు. నేను మాత్రం రోజూ ఆఫీసుకు బయలుదేరుతూ, "ఏం కాదు, అంతా బాగానే ఉంటుంది" అని చెప్పి లిఫ్ట్ ఎక్కేవాణ్ణి.

సింగపూర్‌లో పండుగప్పకు కరువేమీ లేదు. ఇక్కడ సియాకప్ అంటారు, ఇంగ్లీషులో సీ బాస్. సెరంగూన్‌లో మా ఫ్లాట్ దగ్గరి మార్కెట్‌లో ఎప్పుడూ ఉంటుంది. రెండుసార్లు తెచ్చాను కూడా. కాకపోతే అది పెంపకం చేప. పురిటికి సాయంగా వచ్చిన మా అత్తయ్యగారు చింతపండు పులుసు ఘుమఘుమలాడేలా కాచినా, లలిత ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని "మేత వాసన" అంటూ కంచం పక్కకు జరిపేసింది.

ఈ సంగతి పాయా లేబర్ ఆఫీసులో నా పక్క సీటు ఖలీల్‌కు చెప్పాను. ఖలీల్‌ది హైదరాబాదు. వై-టూ-కే హడావుడి ముగిసి, ప్రపంచంలో ఏ కంప్యూటరూ కుప్పకూలదని తేలాక మాకు శనివారాలు చేతికొచ్చాయి. వాడు వాటన్నిటినీ కయాక్‌కు ధారపోశాడు. కయాక్ అంటే ఒక్క మనిషి కూర్చుని, రెండు కొసలున్న తెడ్డు వేసుకుంటూ పోయే సన్నటి ప్లాస్టిక్ పడవ. అందులో కూర్చుని గేలంతో సియాకప్ పట్టడం వాడికి పిచ్చి. ఆ పిచ్చి నాకూ కొంచెం అంటించాడు.

"టెన్షన్ నక్కో భాయ్. శనివారం పాసిర్ రిస్ పోదాం. భాభీకి అసలైన సముద్రం చేప తెద్దాం" అన్నాడు.

సముద్రం అన్న మాట దగ్గరే ఇంట్లో చిక్కొచ్చి పడింది.

"భార్య కడుపుతో ఉండగా మగవాళ్ళు సముద్రం మీదికి వెళ్ళకూడదు బాబూ. క్షవరమే చేయించుకోకూడదంటారు, మీరేమో పడవెక్కుతానంటున్నారు!" అన్నారు అత్తయ్యగారు.

"మరి కడుపుతో ఉన్న మనిషి కోరిక తీర్చకుండా ఉండొచ్చా అత్తయ్యగారూ?" అన్నాను.

ఆవిడ ఇరుకున పడ్డారు. అదీ తప్పే, ఇదీ తప్పే, రెండు నియమాలూ ఆవిడవే. చిక్కుడుకాయలు ఒలుస్తూ చాలాసేపు ఆలోచించి చివరికి తీర్పు చెప్పారు. "నది అయితే పర్లేదు. గోదారి దాటకుండా మన వైపు మగాడెవడున్నాడు? నదిలోనే పట్టండి. సముద్రంలోకి మాత్రం వెళ్ళనని నాకు మాటివ్వండి."

మాటిచ్చాను. ఇలాంటివాటి మీద నాకు నమ్మకం లేదు. లేదనే అప్పటిదాకా అనుకుంటూ వచ్చాను.

శనివారం తెల్లవారకముందే లేచాను. బిషాన్ నుంచి వచ్చి సెరంగూన్ మీదుగా పాసిర్ రిస్ వైపు వెళ్ళే బస్సుంది. మొదటి బస్సులోనే ఎక్కితే కిటికీ సీటు ఖాయం, మధ్యలో మారాల్సిన పని లేదు. టాక్సీకయ్యే దానిలో పదో వంతు కూడా కాదు. గేలం కర్ర మాత్రం రెండు ముక్కలుగా విడదీసి సంచీలో పెట్టుకోండి, లేకపోతే నిలబడ్డవాళ్ళ కళ్ళల్లో గుచ్చుకుంటుంది. నా పక్కన మార్కెట్ బుట్టతో ఒక చైనీస్ ఆంటీ కూర్చుంది. సంచీలోంచి తొంగిచూస్తున్న కర్ర చూసి పలకరించింది.

"ఫిషింగ్ ఆ? ఫర్ మార్కెట్?"

"నో ఆంటీ, ఫర్ వైఫ్. బేబీ కమింగ్" అన్నాను.

"వా, గుడ్ హజ్బెండ్! స్టీమ్ విత్ జింజర్ లా. మెనీ మెనీ జింజర్" అని, తను దిగే స్టాపు వచ్చేదాకా వంటంతా చెప్పింది. పులుసు సంగతి నేను ఎత్తలేదు.

పాసిర్ రిస్‌లో దిగేసరికి తెలతెలవారుతోంది. హాకర్ సెంటర్ అనే తిండి అంగళ్ళ చావిడిలో ఖలీల్ అప్పటికే టేబుల్ మీద టిష్యూ పేపర్ ప్యాకెట్ పెట్టి చోటు చోప్ చేసి, అంటే ఆపి, ఉంచాడు. చెరో రెండు పరోటాలు తిని కోపీ తాగాం. అక్కడి నుంచి నది ఒడ్డుకు పదిహేను నిమిషాల నడక. దారిలో ఎక్కడ చేపలు పట్టవచ్చో, ఎక్కడ కూడదో బోర్డులుంటాయి. వెళ్ళేవాళ్ళు వాటిని చదువుకుని మరీ దిగాలి.

కయాక్‌లు అద్దెకిచ్చే షెడ్డు అప్పన్న అంకుల్‌ది. వాళ్ళ తాతగారు విశాఖ వైపు నుంచి ఓడరేవు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారట. అంకుల్ తెలుగులో సగం తమిళం, మిగతా సగంలో మలయ్.

"వా తంబీ, మకాన్ అయినాదా?" అని, తిన్నావా అన్న అర్థంలో పలకరించి, నీళ్ళకేసి చూశారు. "ఇప్పుడు పాటు. నీళ్ళు దిగిపోతన్నాయి. సియాకప్ రాదు లా. నిన్న కూడా ఇదే చెప్పినా, ఒకడు వినకుండా పోయి పెద్దది కొట్టినాడు. నన్ను నమ్మొద్దు."

లైఫ్ జాకెట్లు తొడుక్కుని, వాటికి చిన్న చాకు కట్టుకుని నీళ్ళలోకి దిగాం. తీగ ఎక్కడైనా చుట్టుకుంటే తెంపుకోవడానికి ఆ చాకు ఉండితీరాలి. ఎరకు బతికున్న రొయ్యలు. నదికి రెండు వైపులా మడచెట్లు. నీళ్ళు దిగిన చోట వాటి వేళ్ళు బురదలో నిలబడి ఉన్నాయి. ఒక ఉడుము మమ్మల్ని చూసి కూడా చూడనట్టు ఈదుకుంటూ పోయింది. చాంగీలో దిగే విమానాలు నెత్తి మీదుగా వెళ్ళినప్పుడు తప్ప అంతా నిశ్శబ్దం. నాలుగు రోజులుగా బిగుసుకుపోయిన మెడ నరాలు ఆ తెడ్డు ఊపుకు ఒక్కొక్కటే వదులయ్యాయి. మనసు మాత్రం వదులు కాలేదు.

నది ముఖద్వారం దగ్గరికి రాగానే, నేనిచ్చిన మాట ముందే తెలిసిన ఖలీల్ ఆగాడు. ఎడమ ఒడ్డున చిట్టచివరి మడచెట్టు వైపు తెడ్డు చూపించాడు.

"ఈ చెట్టుకు ఇవతల నది, అవతల దర్యా. నువ్వు ఇవతలే ఉండు. మీ అత్త అమ్మాజాన్‌కి నేను సాక్ష్యం చెప్తా" అని నవ్వి, తను నేరుగా సముద్రంలోకి పోయాడు.

ఎండ ఎక్కింది. నా గేలం కదల్లేదు. ఖలీల్‌కు మాత్రం బయట ఒకటి తగిలి తప్పించుకుంది, తర్వాత ఒక జెల్ల పడింది, దాన్ని వదిలేశాడు. "భాయ్, చేపలన్నీ ఇక్కడే ఉన్నాయి. పది గజాలే కదా, వచ్చెయ్. ఎవరు చూస్తారు?" అని కేకేశాడు.

ఎవరూ చూడరు. నిజమే. రోజంతా తర్కంతో ప్రోగ్రాములు రాసుకుని బతికేవాణ్ణి, పది గజాల నీళ్ళకూ లలిత కడుపుకూ సంబంధం లేదని నాకు తెలుసు. తెడ్డు నీళ్ళలో ముంచాను కూడా. ముందుకు లాగడానికి చెయ్యి రాలేదు. ఎండకు కళ్ళు మూతలు పడుతున్నట్టు నటించి అక్కడే ఉండిపోయాను.

మధ్యాహ్నానికి పోటు మొదలైంది. సముద్రమే నాలుగు అడుగులు వేసి నా దగ్గరికి వచ్చింది. మడచెట్ల వేళ్ళన్నీ మునిగిపోయాయి. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంటే ఉప్పు. ఇప్పుడు నేనున్నది నదా, సముద్రమా? అత్తయ్యగారిని అడిగి ఉంటే బాగుండేది. చెట్టు ఇంకా నాకు అవతలే ఉంది కాబట్టి నదేనని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

పోటు నిండి, నీళ్ళు మళ్ళీ బయటికి మళ్ళుతున్న వేళ గేలం కర్ర ఒక్కసారిగా వంగింది. రీలు గిర్రున తిరిగింది. ముప్ఫై గజాల దూరంలో చేప నీళ్ళలోంచి పైకెగిరి తల విదిలించింది. వెండి రంగు ఒళ్ళు, గూని వీపు, పెద్ద నోరు. పండుగప్ప! మా ఇంటి గిన్నెలో పట్టనంత పండుగప్ప!

లలిత కంచం ముందు కూర్చుని రెండోసారి వడ్డించుకోవడం కళ్ళకు కట్టింది. తీగ బిగించాను. చేప సముద్రం వైపు దౌడు తీసింది, దాని వెనకే నా పడవా బయలుదేరింది. కింద నీటి వడి కూడా అటే. రెండు చేతులూ కర్ర మీదే ఉన్నాయి. పడవను ఆపాలంటే తెడ్డు పట్టుకోవాలి, తెడ్డు పట్టుకోవాలంటే కర్ర వదలాలి. చివరి చెట్టు నా వైపు రాసాగింది.

"వదలకు! రానీ, రానీ! నేనున్నా!" అని ఖలీల్ బయటి నుంచి అరుస్తున్నాడు.

పడవ ముక్కు చెట్టు నీడను తాకింది. నా చెయ్యి జాకెట్టుకున్న చాకు మీదికి పోయింది. తీగ తెంపేశాను. కర్ర తేలికైపోయింది. తెడ్డు అందుకుని వెనక్కి, వెనక్కి, ఊపిరాడనంత గట్టిగా వేసుకుంటూ వచ్చి, మునిగిన ఒక కొమ్మ పట్టుకుని ఆగాను.

"పాగల్ హై క్యా! చేతికొచ్చిన చేప..." అంటూ ఖలీల్ వేగంగా వచ్చాడు. నా మొహం చూసి మాట మింగేశాడు. తన పడవను నా పడవకు ఆనించి, సీసాలోని నీళ్ళిచ్చి, నేను తాగేదాకా పక్కనే ఉన్నాడు.

షెడ్డు దగ్గర ఖాళీ ఐసు పెట్టె చూసి అప్పన్న అంకుల్, "రేపు రా తంబీ, నీళ్ళు ఎక్కడికీ పోవు" అన్నారు. ఖలీల్ ట్రైన్ ఎక్కాడు. నేను బిషాన్ వెళ్ళే బస్సెక్కి వెనక సీట్లో కూలబడ్డాను. ఏసీ చల్లదనానికి బట్టల మీది ఉప్పు చర్మానికి గీసుకుంటోంది. సగం దారిలో ఫోను మోగింది.

"దొరికిందా?" అంది లలిత.

"దొరికింది. తెంపేశాను."

"ఎందుకండీ?"

"సముద్రంలోకి లాక్కుపోతోంది. చెట్టు దాటితే..." బస్సులో జనం ఉన్నారు. కిటికీ వైపు తిరిగాను. "ఏమన్నా అవుతుందేమోనని భయమేసింది లలితా. రోజూ భయంగానే ఉంటోంది."

ఫోను చెవికి గట్టిగా నొక్కుకున్నాను.

"మీక్కూడానా?" అంది. ఏడుస్తోంది. "రోజూ ఏం కాదు, ఏం కాదు అంటూ వెళ్ళిపోతుంటే, మీకేం బెంగ లేదనుకున్నాను. ఇంట్లో నేనొక్కదాన్నే భయపడుతున్నాననుకున్నాను."

"నేనూ భయపడుతున్నాను. నీకంటే ఎక్కువే."

ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. తర్వాత ఆమె ఫోను నోటికి దూరంగా పెట్టి కేకేసింది. "అమ్మా! కొంచెం అన్నం పెట్టు, ఆకలేస్తోంది."

పాసిర్ రిస్ నదికి మీరూ వెళ్ళండి. పోటు వేళ చూసుకుని వెళ్ళండి, చాకు మరవకండి. పండుగప్ప అక్కడ నిజంగానే ఉంది, నా కళ్ళతో చూశాను. నేను మాత్రం ఆ రోజు ఖాళీ పెట్టె ఒళ్ళో పెట్టుకుని, బస్సు ఇంకొంచెం తొందరగా పోతే బాగుండునని, లలిత రెండో ముద్ద కలుపుకునేలోపు ఇంటికి చేరాలని ఆత్రపడుతూ కూర్చున్నాను.