తొంభై ఒక్క మార్కుల ఒత్తిడి

నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల కౌంటరు దగ్గర పదహారేళ్లుగా కూర్చుంటున్న ఆవిడను ఊళ్లో సగం మంది కుళాయక్క అంటారు. మిగతా సగం మంది అనే మాటలు కాగితం మీద పెట్టదగ్గవి కావు. కుళాయి రాకపోయినా, వచ్చిన నీళ్లు మట్టిరంగులో ఉన్నా, గొట్టం పగిలి వీధి చెరువైనా జనం ముందుగా వచ్చి దులిపేసేది ఆవిడనే. ఆవిడ చేతిలో ఉన్నదల్లా ఒక రిజిస్టరు, ఒక రబ్బరు స్టాంపు, అద్దంలో అరచెయ్యి పట్టేంత కంత. ఎవరెంత అరిచినా "రాసుకున్నానండీ, పైకి పంపిస్తాను" అనేది. పైన అంటే ఎక్కడో ఆవిడకీ సరిగ్గా తెలియదు.

ఇంట్లోనూ కాళ్లకు చక్రాలే. మొగుడు స్కూలు బస్సు డ్రైవరు, తెల్లారకముందే వెళ్లాలి. అత్తగారికి ఏ పూట ఏ రంగు మాత్రో కోడలికే గుర్తు. కూతురికి కాలేజీ పరీక్షలు. మధ్యాహ్నం ఒంటిగంటకు తెరిచిన క్యారియరు మూడింటికి మూతపడేది. మధ్యలో కంతలోంచి ఎవరి చెయ్యో లోపలికి వస్తూనే ఉండేది.

ఇలా ఉండగా కొత్తగా వచ్చిన పెద్దాఫీసరు మూడు రోజుల శిక్షణకు వెళ్లి మొహం వెలిగిపోతూ తిరిగొచ్చాడు. మర్నాడే నోటీసు అంటించారు. "ఈ నెలాఖరులోగా సిబ్బంది యావన్మందీ మానసిక ఒత్తిడి నుంచి విముక్తులు కావలెను. కానివారు కారణములను రాతపూర్వకముగా సమర్పించవలెను." దానితో పాటు నలభై ప్రశ్నల ఫారం. చిన్న విషయాలకు విసుగొస్తుందా అన్న ప్రశ్న దగ్గర ఆవిడ ఆలోచిస్తుండగా ఎవరో అద్దం మీద తాళంచెవితో మూడుసార్లు కొట్టారు. అవునని టిక్కు పెట్టేసింది. లెక్కగడితే నూటికి తొంభై ఒకటి వచ్చింది. ఆఫీసు మొత్తానికి అదే ఎక్కువ. స్టోరుకీపరుకు పన్నెండే వచ్చింది. సీట్లో కనబడితే కదా ఒత్తిడి. ఆయన్ని ఆదర్శంగా తీసుకోమని పెద్దాఫీసరు సభాముఖంగా చెప్పాడు.

ఇక చికిత్స మొదలైంది. రోజూ పదకొండు గంటలకు కౌంటరు మూసి పై హాల్లో పది నిమిషాలు ఊపిరి పీల్చి వదలాలి. ఆ పది నిమిషాల్లో ఎనిమిది మంది వరుస ముప్పై మంది అయ్యేది. "మా వీధిలో మూడ్రోజుల నుంచి చుక్క నీళ్లు లేవమ్మా. మీరేమో పైన గాలి పీల్చుకుంటున్నారట," అన్నాడు రిటైరైన హెడ్మాస్టరొకాయన. ఆవిడ తల దించుకుని రాసుకుంది. పీల్చుకున్న మాట నిజమే మరి.

పైగా రోజూ సాయంత్రం ప్రశాంతత నివేదిక అని ఒకటి మూడు ప్రతుల్లో రాసివ్వాలి. మొదటి రోజు ఆవిడ, "ఈ ఫారం చేతికొచ్చేదాకా బాగానే ఉన్నాను" అని రాసింది. వివరంగా రాయమని ఎర్ర సిరాతో వెనక్కొచ్చింది.

ఇంట్లో వాళ్లు ఆఫీసును మించిపోయారు. కూతురు ఫోన్లో ఏదో యాప్ పెట్టింది. గంటకోసారి ఒక ఆడగొంతు, "ఒక్కసారి ఆగండి, మీ భుజాలు వదులు చెయ్యండి" అని తియ్యగా చెబుతుంది. కిక్కిరిసిన బస్సులో ఒక చేత్తో కమ్మీ, మరో చేత్తో సంచీ పట్టుకుని వేలాడుతున్నప్పుడు కూడా చెప్పింది. పదిమంది తలలు తిప్పి ఆవిడ భుజాలకేసి చూశారు. అత్తగారు జ్వరం వచ్చిన మనిషిని అడిగినట్టు అరగంటకోసారి "తగ్గిందా అమ్మా" అని అడగడం మొదలుపెట్టింది. మొగుడు ఇక భార్యకు కష్టం కలిగించే మాటే చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. వాషింగ్ మెషీను చెడిపోతే మూడు రోజులు గుట్టుగా బట్టలన్నీ చెల్లెలింటికి మోశాడు. ఆ ఆడపడుచు ఫోన్ చేసి, "వదినా, మీ దుప్పట్లు ఆరాయి, పట్టుకెళ్తారా" అంటే గానీ ఈవిడకు సంగతి తెలియలేదు.

ఆ మర్నాడే కౌంటరు దగ్గర ఒకావిడ చంటిపిల్లను చంకనేసుకుని గుక్క తిప్పుకోకుండా అరుస్తోంది. సరిగ్గా అప్పుడే సొరుగులోంచి ఫోను, "మీరు క్షేమంగా ఉన్నారు" అంది.

"మీరెందుకు ఉండరు, అద్దం లోపలున్నారు కదా," అంది బయటి ఆవిడ.

కుళాయక్కకు నవ్వొచ్చింది. ఎంతకీ ఆగలేదు. నవ్వు ఎక్కడ ఏడుపుగా మారిందో ఆవిడకే తెలియలేదు. రిజిస్టరు మూసి, ఎటు పోతున్నదీ తెలియకుండా వెనక గుమ్మంలోంచి బయటపడింది. ఆ వెనక పెరట్లో మీటర్లు బాగుచేసే రేకుల షెడ్డు ఉంది. అందులో మెకానిక్ పెద్ద శాల్తీ, మాట మాత్రం పొదుపు. ఏమైందని అడగలేదు, ఓదార్చనూ లేదు. స్టూలొకటి ముందుకు తోసి, ఆవిడ చేతిలో ఒక పాడైన మీటరూ ఒక పాత బ్రష్షూ పెట్టాడు.

మూత విప్పితే లోపల చిన్న చిన్న పళ్లచక్రాలు, వాటి సందుల్లో తెల్లగా గడ్డకట్టిన సున్నం. పదహారేళ్లలో "మీటరు తిరగడం లేదు" అని కొన్ని వేలసార్లు రాసింది గానీ, అది ఎందుకు తిరగదో ఆవిడ ఎన్నడూ చూడలేదు. సున్నమంతా గీకి, తుడిచి, నోటితో ఊదింది. చక్రం గిర్రున తిరిగింది. ఎంత తేలిగ్గా తిరిగిందంటే, ఆవిడ మళ్లీ ఊదింది.

అరగంట తర్వాత వెళ్లేసరికి వరుస అక్కడే ఉంది, కోపమూ అక్కడే ఉంది. కానీ ఆవిడకు ఆ రోజు తిట్ల మధ్యనుంచి ఇంటి నంబరు స్పష్టంగా వినబడింది.

మర్నాటి నుంచి ఒంటిగంటకు "భోజన విరామం, అరగంట" అన్న అట్ట కంతకు అడ్డం పెట్టడం మొదలుపెట్టింది. నాలుగు రోజులు జనం గోల చేశారు, అయిదోరోజు నుంచి ఒకటిన్నరకు రావడం నేర్చుకున్నారు. ఆవిడ షెడ్డులో పావుగంట తిని, పావుగంట మీటరు తుడిచేది.

సంగతి పెద్దాఫీసరు చెవిన పడింది. షెడ్డుకు పరుగున వచ్చి, చూసి, పొంగిపోయాడు. సోమవారం అకౌంట్ల వాళ్లు, మంగళవారం బిల్లుల వాళ్లు, తుడిచిన ప్రతివారూ అనుభవం రాసివ్వాలి అంటూ అక్కడికక్కడే పథకం వేసేశాడు.

మెకానిక్ తలెత్తకుండా, "రెండే స్టూళ్లున్నాయండి," అన్నాడు.

ఇరవై స్టూళ్లు కావాలని స్టోరుకు ఫైలు వెళ్లింది. పన్నెండు మార్కుల మనిషి బల్ల మీదకు చేరిన ఫైలు కనుక, దాని గురించి ఇక చెప్పుకోవలసిందేమీ లేదు.

నెలాఖరున మళ్లీ పరీక్ష పెట్టారు. కుళాయక్కకు ఎనభై నాలుగు వచ్చింది. పెద్దాఫీసరు మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. నలభైకి దించుతానని ఆయన పైవాళ్లకు మాటిచ్చి ఉన్నాడు. బల్ల మీద రెండు ఫోన్లూ ఒకేసారి మోగుతుంటే కణతలు నొక్కుకుంటూ, ఇంకొక్కసారి నింపి చూడమని దాదాపు బతిమాలాడు.

ఆవిడకు ఆయన్ని చూస్తే జాలేసింది.

"ఎన్నిసార్లు నింపినా నా జవాబులు ఇవే సార్. అంకె మీకెంత కావాలో అంత వేసుకోండి. ఒంటిగంట నుంచి ఒకటిన్నర దాకా మాత్రం నన్ను పిలవకండి."

ఆయన ముప్పై ఎనిమిది వేసుకున్నాడు. ఆ తర్వాతి వారం, రెండు గంటలు నిలబెట్టి ఆవిడకు ప్రశంసాపత్రం ఇచ్చారు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి ముందు ఫోన్లో ఆడగొంతును తీసేసింది. "తగ్గిందా అమ్మా" అంటూ వచ్చిన అత్తగారితో, "తగ్గలేదత్తయ్యా, మొత్తం తగ్గేది కూడా కాదు. మీరలా కూర్చోండి," అంది. మాత్రల డబ్బా కూతురి చేతిలో పెట్టింది. తర్వాత మొగుణ్ణి పిలిచి, ఇంట్లో ఏది చెడిపోయినా తన దగ్గర దాచవద్దనీ, ఇన్నాళ్లూ దాచినవన్నీ ఇప్పుడే చెప్పమనీ అడిగింది.

ఆయన వేళ్లు మడుస్తూ ఒక్కొక్కటే బయటపెట్టాడు. స్నానాల గది గడియ ఊడింది. గోడ గడియారం ఆగింది. బీరువా తలుపు కిందికి దిగిపోయింది. ఆవిడ వింటూ కూర్చుంది. ఏడోది చెప్పగానే చెయ్యి అడ్డం పెట్టి, మిగతావి రేపు చెప్పమంది.