పాతిపెట్టిన తప్పెట

ఎమ్మిగనూరు చర్చిలో ఇప్పుడు కీబోర్డు మీట నొక్కితే తప్పెట మోగుతుంది. అందరూ చప్పట్లు కొడతారు. నాకు మాత్రం ఒళ్లు జలదరిస్తుంది.

చిన్నప్పుడు మా ఇంట్లో అందరం బాప్తిస్మం తీసుకున్నాక, తాత జాతరల్లో కొట్టే తన తప్పెటను పెరట్లో పాతిపెట్టాడు.

"ఇది దేవునికి పనికిరాదని పాస్టరయ్య సెప్పినాడప్పా," అన్నాడు.

మంట సెగ తగిలితేనే తప్పెట బాగా పలుకుతుందని నాకు తెలుసు. అందుకే ఎండకు కాలిన ఆ నేలకు ఒకరోజు చెవి ఆనించాను. లోపల దబదబమని మోత.

"తాతా, అది బతికే ఉండాది!"

తాత నా పక్కనే పడుకుని తనూ చెవి ఆనించాడు. ఆయన వేళ్లు మట్టి మీద ఆడాయి.

నేను విన్నది నా గుండె చప్పుడేనని తర్వాత తెలిసింది. కానీ ఈ కీబోర్డులో మోగే దరువు, ఆ రోజు తాత వేళ్లు మట్టి మీద వేసిందే.