కేద్నే ఎక్కడ పెట్టావు?

కోల్గు అయ్యవారి ముందు ఏడవవచ్చు, నవ్వవచ్చు, కాలుజారి పడవచ్చు. వరుస సంఖ్యను మాత్రం తప్పుగా పలకకూడదు. ఆ ఐరిష్ మఠంలో సన్యాసులందరికీ వ్యాకరణం నేర్పింది ఆయనే. ఐరిష్ భాషలో మూడవ, నాలుగవ లాంటి మాటలు నామవాచకానికి ముందు నడవాలి. "రెండవ" ఒక్కటీ వెనక నడవాలి. ఇక "కేద్నే" అనే మాట ఉంది. దాన్ని నామవాచకానికి ముందు పెడితే "మొదటి" అని అర్థం, వెనక పెడితే "అదే" అని. ఆ తేడా కోసం ఆయన ప్రాణమిస్తాడు. ఈలోగా ఎదుటివాడి ప్రాణం తీస్తాడు.

వంటవాడు దిమ్మాకు ఇది రోజూ అనుభవమే. ఒకనాడు పొయ్యి దగ్గర కేకేశాడు.

"అయ్యవారూ, మొన్న కాలిన అదే వేలు మళ్ళీ కాలింది."

"కేద్నే ఎక్కడ పెట్టావు?"

"వేలికి ముందు."

"అయితే కాలింది మొదటి వేలు, బొటనవేలు. నువ్వు చూపిస్తున్నది చిటికెనవేలు. సరిగ్గా చెప్పు, వెన్న రాస్తాను."

దిమ్మా సరిగ్గా చెప్పేసరికి వేలు బొబ్బెక్కింది.

ఆ దేశంలో రాజు వారసుణ్ణి "రెండవవాడు" అనే పిలుస్తారు. అలాంటి వారసుడొకడు రాజుకంటే ముందే గుడిలోకి దూరబోతే కోల్గు అతని అంగీ పట్టుకుని ఆపాడు. "నాయనా, రెండవది వెనక నడవాలి." రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. వారసుడు ఆ పూట బీరు ముట్టలేదు.

ఇలా ఉండగా మఠానికి బిషప్పు వచ్చిన రోజున దిమ్మా బార్లీ జావ మాడ్చాడు. అంతకుముందు ఈస్టరుకూ మాడ్చాడు. మఠాధిపతి సెగేనే నియమం అందరికీ తెలుసు: మొదటి తప్పుకు మందలింపు, అదే తప్పు మళ్ళీ చేస్తే గేటు బయటికి. బిషప్పు చెంచా కింద పెట్టగానే సెగేనే ముఖం కందగడ్డయింది.

"దిమ్మా, ఇది అదే తప్పు. మూట కట్టుకో."

 దిమ్మా అన్నదమ్ములు అంటురోగంలో పోయారు. తలుపు తట్టడానికి గుమ్మం కూడా లేదు.

బల్ల చివర కోల్గు గొంతు సవరించుకున్నాడు. అందరూ తలలు పట్టుకున్నారు.

"పెద్దయ్యా, తమరు కేద్నేని తప్పుకు ముందు పెట్టారు."

"వెనకే పెట్టాను."

"ముందే. 'మొదటి తప్పు' అని తీర్పు చెప్పారు. నా చెవులారా విన్నాను."

సెగేనే చుట్టూ చూశాడు. "మీరెవరైనా విన్నారా?"

సన్యాసులు గిన్నెల్లోకి చూశారు. ఇన్నేళ్ళు కోల్గు చేత తిట్లు తిన్నాక తమ చెవుల మీద ఎవరికీ నమ్మకం మిగల్లేదు. బిషప్పు పెదాలు బిగించి నవ్వు ఆపుకున్నాడు. "మొదటి తప్పుకు మీ మఠంలో మందలింపే కదా?"

బిషప్పు ఎదుట చెప్పిన తీర్పు మార్చేదెలా? సెగేనే దిమ్మాను మందలించాడు, కాస్త ఎక్కువసేపే. కాని మందలిస్తున్నంతసేపూ ఆయన ముఖంలో బరువు దిగిన తేట కనిపించింది.

భోజనాలయ్యాక దిమ్మా కోల్గు పక్కకు చేరాడు.

"అయ్యవారూ, నాకైతే పెద్దయ్యగారు వెనక పెట్టినట్టే వినిపించింది."

కోల్గు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"వంటవాడివి, నీకెందుకయ్యా వ్యాకరణం? వెళ్ళి ఆ మాడు గోకు."