ఆకుపచ్చ మొహం బొమ్మ

అమెరికాలో బఫెలో అనే ఊళ్ళో మా పేటవాళ్ళకి ఫొటో అంటే హెస్టర్ ప్రూయిట్ గారి స్టూడియోనే. పెళ్ళిజంటలు, చంటిపిల్లల తల్లులు, చర్చి పెద్దలు అందరూ ఆ ఇరుకు మెట్లెక్కి వచ్చేవారు. ఫొటోలు పడే గాజుపలకల మీద మచ్చలు దిద్దడం అక్కడ నా పని.

ఒక చలికాలం ఆవిడ న్యూయార్క్ వెళ్ళి కొత్తరకం చిత్రాలు చూసి వచ్చింది. ఇక మనిషికి నిద్ర పట్టలేదు. పారిస్ చిత్రకారుడొకడి బొమ్మలు అమ్మకానికి తెప్పించి, ముందుగదిలో పెళ్ళిఫొటోలు దింపి వాటిని తగిలించింది. ఒకదాంట్లో కూర్చున్న ఆడమనిషి మొహం ముదురు ఆకుపచ్చ.

"ఇదేం రంగు, అమ్మా?" అన్నాను.

"ఉన్నది ఉన్నట్టు చూపించడానికి నా కెమెరా ఉంది కదే నోరా! చేత్తో గీసేవాడు కూడా అదే ఎందుకు చెయ్యాలి?"

ఊళ్ళో గుసగుసలు ముదిరాయి. ఒక ఆదివారం ప్రార్థన ముగియగానే చర్చి పెద్ద, డీకన్ థాడియస్ క్రల్ మనుషుల్ని వెంటేసుకుని వచ్చాడు. వెనకే భార్య లవినియా. మెట్ల మీద బూట్ల చప్పుడు విని నేను ముందుగదిలోకి పరుగెత్తాను.

"హెస్టరమ్మా, ఇది ఆడదా, కుళ్ళిన గుమ్మడికాయా?" అన్నాడు డీకన్. వెంట వచ్చినవాళ్ళు పగలబడి నవ్వారు.

"తెలియకపోతే అడగండి, చెప్తాను."

"నాకే పాఠం చెప్తావా? దింపుతావా లేదా?"

"దింపను."

ఆయన చేతికర్ర పైకి లేచింది. ఆవిడ బొమ్మకి అడ్డంగా చేతులు చాచి నిలబడింది. నవ్వులు ఆగిపోయాయి. వెనక నుంచి లవినియా మెల్లగా అంది, "మన పాప పోయిన రోజు అద్దంలో నా మొహం ఇలాగే ఉందండీ."

భార్య నోట ఆ మాట వినేసరికి డీకన్ ఒళ్ళు తెలియని కోపంతో కర్ర విసురుగా దించాడు. అది హెస్టర్ గారి మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. ఆవిడ మాత్రం కదల్లేదు. వాళ్ళే ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా మెట్లు దిగిపోయారు.

మణికట్టు వంకరగానే అతుక్కుంది. బరువైన పలకలు ఇక నేనే ఎత్తేదాన్ని. చర్చివాళ్ళు రావడం మానేశారు. పిండిమర కూలీలు, రేవు పనివాళ్ళు మాత్రం వచ్చి ఫొటోలు దిగుతూ ఆ బొమ్మని చూసి జోకులేసుకునేవారు. ఆవిడా నవ్వేది. లవినియా మళ్ళీ వస్తుందని ఎన్నాళ్ళో ఎదురుచూశాం. రాలేదు.

ఎవరూ కొనకపోవడంతో బొమ్మలు పారిస్ తిరిగి వెళ్ళిపోయాయి. తర్వాత ఆవిడ తెప్పించినవి వాటికన్నా వింతవి. అవి నాకు ఇప్పటికీ అర్థం కావు. కానీ వాటిని తగిలించడానికి మేకులు కొట్టింది నేనే.