రక్తం అంటిన డైలాగ్ కాగితం

ముందే చెప్పేస్తున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బుంది. ఫిలింనగర్‌లో ఆ రోజు లీటరు రక్తం కారిందంటే, మీరు కాస్త తగ్గించుకుని చదవండి.

ఆ ఫైటర్‌ది బోరబండ. ఇరవై ఏళ్లుగా హీరోల చేతుల్లో చావడమే ఉద్యోగం. నాలుగు వేలసార్లు చచ్చుంటాడు: అద్దాల్లోంచి, మేడల మీంచి, ఒకసారి మరిగే నూనెలో. ఫైట్ మాస్టర్ ఒక్కసారి చూపిస్తే వంద దెబ్బలైనా వరుస తప్పడు. అలాంటివాడికి తొలిసారి డైలాగ్ దొరికింది. చచ్చే ముందు హీరోను తిట్టాలి, ఐదు వాక్యాలు. చెప్పగలిగితే ఇక మాటలున్న విలన్. లేదంటే మళ్లీ అద్దాల్లోకే.

మాటలు నావి. మా అలవాటు ప్రకారం షాట్‌కు పావుగంట ముందు, కొట్టివేతల మధ్య కిక్కిరిసిన అక్షరాలతో కాగితం ఇచ్చాను. మాటలు అక్కడికక్కడే రికార్డవుతాయి గనుక పక్కనుంచి అందించడం కుదరదు. ఏడు టేకులు పోయాయి.

“చదువు రాదా నీకు? గాడిదలా పెరిగావ్!” అంటూ కో-డైరెక్టర్ అట్టప్యాడ్ విసిరాడు. ఇనుప క్లిప్పు ఫైటర్ కనుబొమ్మను చీల్చింది. ఇన్నేళ్లు ఉత్తుత్తి రక్తం పూసుకున్న ముఖం మీద అసలుది కారి, కింద కాగితం మీద పడింది. అతను ఒక్క దూకులో కాలర్ పట్టి, కో-డైరెక్టర్‌ను గోడకేసి కొట్టి, పిడికిలి ఎత్తాడు. అది ముక్కుకు అంగుళం దూరంలో ఆగింది. ఫైటర్ల పిడికిలి అక్కడే ఆగుతుంది, అలవాటు.

“చదువొస్తది సార్. అక్షరాలే ఒక్క తాన నిలవడవు. నా బిడ్డకు గిట్లనే ఉంటే స్కూల్ల మేడం పరీక్ష చేయించింది. డిస్లెక్సియా అంట. నాక్కూడ గదేనంట. తెలివి తక్కువ కాదంట, చదివే తీరు వేరంట.”

తర్వాత నావైపు తిరిగాడు.

“జర పెద్దగ రాయుండ్రి. లైన్ల నడ్మ జాగ విడువుండ్రి. ఫోన్ల ఒకపారి మీ గొంతుతోని చెప్పియ్యుండ్రి. నా బిడ్డ గట్లనే నేర్చుకుంటది.”

ఐదు వాక్యాలకు ఐదు కాగితాలు. ఊపిరికో లైను. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నుంచి కనబడేంత పెద్ద అక్షరాలు. రాస్తుంటే తెలిసింది, నా వాక్యాల్లో సగం ఊపిరాడక చస్తున్నాయని. వాటిని నరికేశాను.

కనుబొమ్మకు దూది అదుముకుని, ఆ కాగితాలు చూస్తూ, ఫోన్‌లో నా గొంతు పదిసార్లు విన్నాడు. ఎనిమిదో టేకులో అతను తిడుతుంటే హీరో నిజంగానే రెండడుగులు వెనక్కి వేశాడు. ఓకే అయింది.

చావులూ, రక్తమూ పెంచినవి. పూర్తిగా కల్పించింది కో-డైరెక్టర్‌ని. ఆ ప్యాడ్ విసిరింది నేనే. పిడికిలి ఆగింది నా ముక్కు ముందే.