మిగులు వేలు

నారమిల్లు మేస్త్రి ఎవరు ఎదురుపడ్డా ముందు వాళ్ల రెండు చేతులూ పట్టుకుని వేళ్లు లెక్కపెట్టేవాడు. పలకరింపూ అదే, వీడ్కోలూ అదే. పెళ్లికి ముందు తన వేళ్లు కూడా అరగంట లెక్కపెట్టాడని ఆయన భార్య చెప్పేది.

"పది రావడానికి అరగంటా?" అని అడిగింది ఆయన అన్న కూతురు.

"వదలబుద్ధి కాలేదేమోలే."

ఓడలన్నిటికీ కిత్తనార తాళ్లే దిక్కయిన రోజుల్లో కొండవాలంతా ముళ్ల ఆకుల కిత్తలి నాటారు. మిల్లు మూడు పూటలా నడిచింది. తర్వాత నైలాను తాడు వచ్చింది. వాలు మీద కోసేవాళ్లు లేక ఆకు ముదిరిపోయింది. నైలానును అందుకోవాలని యజమాని యంత్రం వేగం రెండింతలు చేయించాడు. చేతులకు అడ్డుండే ఇనుపరేకు తీయించాడు.

ఆ యంత్రానికి ఆకు అందించేది అన్న కూతురే. యంత్రం ఆకును చీల్చి, గుజ్జు తీసేసి నారను కక్కేది. దానికి ఆకుకూ చేతికీ తేడా తెలియదు. ఇంటికొచ్చి నీళ్లు తాగబోతే గ్లాసు ఆమె పళ్లకు కొట్టుకునేది.

యంత్రం వేగం పెరిగిన వారమే మేస్త్రి లెక్క తప్పింది.

"తొమ్మిది, పది, పదకొండు. నీకొకటి ఎక్కువుందమ్మాయ్."

"పదే బాబాయ్. సరిగ్గా చూడు."

"మేస్త్రిని నేనా, నువ్వా? మిగులున్న చెయ్యి యంత్రానికి అచ్చిరాదు. నార ఆరేసే తీగల దగ్గరికి పో."

మిల్లంతా నవ్వింది. వారం తిరిగేసరికి ఆరుగురు ఆడవాళ్లకు పదకొండేసి వచ్చాయి. ఒకామెకు పన్నెండు వస్తే రెండు రోజులు తీగల దగ్గరే ఉంచాడు. ఆకు అందించేవాళ్లు లేక యంత్రం ఆగింది. యజమాని వచ్చాడు.

"నీకు పది దాకా రాదా?"

"వచ్చేదయ్యా. ఈ మోతకి మరిచిపోయాను."

"అయితే ఇంటికెళ్లి నేర్చుకో. మళ్లీ రాకు."

నార ఆరేస్తున్న అన్న కూతురు తన చేతుల వైపు చూసుకుంది. వణుకు లేదు. లెక్కపెట్టేటప్పుడు ఆయన కళ్లు మూసుకునేవాడని అప్పుడు గుర్తొచ్చింది. గేటు దగ్గర ఆయన్ని అందుకుంది.

"బాబాయ్, వణికిన చేతికేనా పదకొండు?"

"గట్టిగా అనకు. లెక్క రానివాడనిపించుకుని పరువుగా పోతున్నాను."

"రేపు నన్ను మళ్లీ ఆ యంత్రం ముందు నిలబెడతారు."

ఆయన గొడుగు తెరుచుకుని గేటు దాటాడు.

మర్నాడు పొద్దున్నే గడ్డం గీసుకుని, ఆమెను వెంటబెట్టుకుని పక్క వీధిలోని నైలాను మిల్లుకు వెళ్లాడు. ఏం పని కావాలని మేనేజరు అడిగితే, ముందు యంత్రం చూపించమన్నాడు. చుట్టూ తిరిగి చూశాడు. ఎవరూ ఆపేలోపు తన గొడుగు తీసి దాని నోట్లో పెట్టాడు. యంత్రం ఒక్క కుదుపు కుదిపి, దానంతటదే ఆగిపోయింది. మేనేజరు తల పట్టుకున్నాడు.

మేస్త్రి వంకరపోయిన గొడుగును బయటికి లాగి, దులిపి, చంకలో పెట్టుకున్నాడు.

"బాగుంది," అన్నాడు. "మావాళ్లు ఆరుగురు వస్తారు."