దవడకు ఆనించిన స్వరమండలం

మనవడి పలక తుడిచి వేళ్లకు సుద్దపొడి అంటుకున్నప్పుడల్లా నాకు ముదిగుబ్బలో సుగుణమ్మ టీచరు గది గుర్తొస్తుంది. ఆవిడ బడిలో మాకు లెక్కలు చెప్పేవారు, ఆదివారాలు చర్చిలో స్వరమండలం వాయించేవారు. బల్ల మీద పడుకోబెట్టి వేళ్లతో మీటే తీగల పెట్టె అది. మా ఎండలకు చెక్క ఎండిపోయి, తీగలు చుట్టిన మేకులు వదులై, పొద్దుటి శ్రుతి సాయంత్రానికి ఉండేది కాదు. మేకు తీసి, దానికి సుద్ద రుద్ది మళ్లీ బిగించేవారు.

చిన్నతనంలో నాకూ నేర్పమని వెంటపడ్డాను. పాట చెబుతారనుకుంటే, మేకులు తిప్పే తాళంచెవి చేతిలో పెట్టారు.

“వాయించేది యాడికీ పోదు మే. తీగె యాడ జారిందో ముందు నీ చెవికి తెలియల్ల.”

ఆ ఏడాదంతా ఒక్క పాటా లేదు. నాకు ఒళ్లు మండిపోయేది. మా నాయన ఊరుకోలేక ఒకసారి అడిగేశాడు. “ఏం టీచరమ్మా, మా పాపకు పాట చెప్తాండారా, మేకులు కొట్టేది చెప్తాండారా?” ఆవిడ నవ్వి ఊరుకున్నారు. ఆ మాట ఆవిడకు వినపడనే లేదని తర్వాత తెలిసింది.

ఒక మధ్యాహ్నం నేను వెళ్లేసరికి ఆవిడ వంగి, చెక్కకు దవడ ఆనించి తీగ మీటుతున్నారు. కళ్ల నిండా నీళ్లు.

“చెవులు పోతాండాయి పాపా. ఎముకలో అదురు ఒకటే తెలుస్తాండాది.”

“ఆసుపత్రికి పోదాం టీచర్,” అని సైగలు కలిపి గట్టిగా చెప్పాను.

“పోయొచ్చినా. ఇంక రావంట. అందుకే గదా నీకు ఇది చెప్తాండేది. శ్రుతి తప్పిందని నాకు చెప్పేవాళ్లు ఒకరుండల్ల.”

అప్పటిదాకా విసుక్కున్న నేను తాళంచెవి అందుకున్నాను. ఆ తర్వాత నేను శ్రుతి చేసేదాన్ని, ఆవిడ వాయించేవారు. వాయిస్తున్నంతసేపూ తీగల వైపు కాదు, నా ముఖం వైపే చూసేవారు. పాటలు కూడా అప్పుడే చెప్పారు, దవడ చెక్కకు ఆనించి, నా తప్పులు పట్టుకుంటూ.

కొన్నేళ్లకు ఆవిడ మంచం పట్టారు. వానలు లేని వేసవి అది. స్వరమండలం పక్కలోకి చేర్చి, ఆవిడ దవడకు ఆనించి, మొదట నేర్పిన పాట వాయించాను. కళ్లు మూసుకుని వింటున్నారనుకున్నాను.

“ఇంగ వాయించు మే,” అన్నారు. “ఎందుకు ఆపినావు?”

నేను ఆపలేదు.

ఆవిడ చేయి తీసుకుని తీగల మీద పెట్టి, ఆ వేళ్లతోనే పాట మొదటినుంచీ వాయించాను. ఆ వారమే ఆవిడ పోయారు.

స్వరమండలం ఇప్పుడు నా దగ్గరే ఉంది. నా చెవులు బాగానే ఉన్నాయి. అయినా చెక్కకు దవడ ఆనించి, ఆ అదురు నా ఎముకకు తెలిసేదాకా పాట మొదలుపెట్టను.